మెయిను కట్టేసే ఇల్లు

తెనాలిలో ఇష్రత్ ఇంటికి దారి అడిగితే ఎవరూ డోరు నెంబరు చెప్పరు. కాలవ వంతెన దిగగానే మిషను చప్పుడు వినపడే ఇల్లు అంటారు. జాకెట్ల మీద, పరికిణీల మీద కంప్యూటర్ వర్క్ చేసే మిషను అది. పొద్దున మొదలుపెడితే వీధి చెవులు చిల్లులు పడేలా కొడుతూనే ఉంటుంది. ఇరుగుపొరుగు వాళ్ళకి ఆ చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, అది ఆగినప్పుడే తలెత్తి చూస్తారు. ఆగే వేళ కూడా వాళ్ళకి తెలుసు. మసీదులో అజాన్ వినపడగానే ఇష్రత్ తల్లి ఖాజాబీ లేచి వెళ్ళి మెయిను కట్టేస్తుంది. మిషను, ఫ్యాను, ఫ్రిజ్జు, అన్నీ ఒక్క దెబ్బకి మూగపోయి, నమాజు అయ్యాకే మళ్ళీ నోరు తెరుస్తాయి. గోడ గడియారం బ్యాటరీది కాబట్టి బతికిపోయింది.

ఆ పద్ధతి పెట్టింది ఇష్రత్ తండ్రి అబ్దుల్ షుకూర్. ఇష్రత్ పుట్టక ముందు ఒక శుక్రవారం ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయి నమాజుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎవరిదో పెళ్ళికూతురి పట్టు పరికిణీ నడిమధ్యన నల్లగా కాలిపోయి ఉంది. ఆ పిల్ల ఏడుపు ఆయన చాలా కాలం మరిచిపోలేదు. అప్పటినుంచీ అజాన్ అయితే ఇంట్లో కరెంటు ఉండకూడదన్నాడు. ఖాజాబీ సరేనంది. అంతే, మళ్ళీ ఆ విషయం ఎవరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోనక్కర్లేనంతగా అది ఆ ఇంటి గోడల్లో కలిసిపోయింది.

షుకూర్ మగ్గం పనివాడు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొక్కెం సూదితో జరీ తీగ లాగుతుంటే చూసేవాళ్ళు టీ చల్లారబెట్టుకునేవాళ్ళు. ఇంటర్ పాసైన కూతురు కంప్యూటర్ నేర్చుకుని, ఎంబ్రాయిడరీ మిషను కొందామన్న రోజున ఆయనకి అన్నం సయించలేదు. మిషను వచ్చాక కూడా చాలా రోజులు కుర్చీ దానికి వీపు పెట్టి వేసుకునేవాడు. ఇష్రత్ కూడా ఆయన కూతురే కదా, బతిమాలలేదు. తన పని తను చేసుకుపోయింది.

ఒకరోజు మిషను కుట్టిన జాకెట్ చేతి మీద చెయ్యి పెట్టి చూసి, "ఆకు చచ్చిపోయి ఉందే అమ్మా" అన్నాడు. అని ఊరుకోకుండా కాగితం తెమ్మని, ఆ ఆకు ఎలా వంగాలో గీసి చూపించాడు. ఆ రోజునుంచి తండ్రి కాగితం మీద గీయడం, కూతురు కంప్యూటర్లో కుట్టు కుట్టుగా దాన్ని ఎక్కించడం. రాజీ పడినందుకు గుర్తుగా కాబోలు, కంప్యూటర్ డబ్బా ముందు భాగం మీద ఆకుపచ్చ రాళ్ళు వరసగా అంటించాడు. దిష్టికి అన్నాడు. నలుగురూ నవ్వినా అవి పీకలేదు.

ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. కంప్యూటర్లో ఒక సదుపాయం ఉంటుంది. డిజైను సగం గీసి ఒక బటన్ నొక్కితే, మిగతా సగం అద్దంలో చూసినట్టు దానంతట అదే వచ్చేస్తుంది. తెనాలిలో ఆ పని చేసేవాళ్ళంతా ఆ బటన్ మీదే బతుకుతున్నారు. షుకూర్ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఏ చెట్టుకైనా కుడి కొమ్మా ఎడమ కొమ్మా ఒక్కలా ఉంటాయా అని అడిగేవాడు. కుడివైపు గీసినంత ఓపికగా ఎడమవైపు కూడా గీసేవాడు. ఆ తేడా కంటికి ఆనదు గానీ, ఆ జాకెట్లు మాత్రం ఇంకోసారి చూడబుద్ధయ్యేవి.

ఏటా ఉర్సు ఉత్సవానికి కాలవ ఒడ్డు దర్గాకి, సమాధి మీద కప్పే చాదర్ ఆ ఇంటినుంచే వెళుతుంది. దానికి ప్రతిసారీ కొత్త డిజైనే. దర్గాకి గీసింది ఇంకో గుడ్డ మీద పడకూడదని ఆయన పట్టింపు. అందుకని కాగితం మీద గీసినంతా కంప్యూటర్లోకి ఎక్కగానే ఆ కాగితాన్ని కాలవలో కలిపేసేవాడు. చివరిసారి ఒక దానిమ్మ తీగ మొదలుపెట్టాడు. కుడివైపు పూర్తయింది. ఇష్రత్ ఎక్కించింది. కాగితం కాలవలో కలిసింది. మర్నాడు ఎడమవైపు మొదలుపెడదామని కూర్చున్నవాడు పెన్సిలు పట్టుకోలేకపోయాడు. పక్షవాతం కుడిచేతిని తీసుకుపోయింది, మాటని సగం తీసుకుపోయింది. ఆ ఏడు దర్గాకి బజారులో కొన్న చాదర్ వెళ్ళింది. ఖాజాబీ దాన్ని చేత్తో పట్టుకోను కూడా లేదు.

ఈ ఏడు ఆ దానిమ్మ తీగే వెళ్ళాలని ఇష్రత్ నిశ్చయించుకుంది. తండ్రి చేత్తో గీసిన ఆఖరి డిజైను అదే. ఇంక ఆ చెయ్యి గీయదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, అందరికీ తెలుసు.

ఈలోగా పాత కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది. ఇష్రత్ కొత్తది తెచ్చుకుంది. పాతదాంట్లోని డిజైన్లన్నీ కొత్తదాంట్లోకి మార్చాలి. పెన్‌డ్రైవ్ పెడితే అయిపోతుందని భర్త నాగూర్ బాషా అన్నాడు. ఆయన దుగ్గిరాల పసుపు యార్డులో కాటాల దగ్గర పని చేస్తాడు, ఏ పనైనా తొందరగా తేలిపోవాలంటాడు. కానీ ఒకసారి ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ ఎక్కి, బుటాల డిజైన్లన్నీ మింగేసింది. అప్పటినుంచీ ఇష్రత్ తన కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ తగలనివ్వదు. ఆమె ఒక నెట్ కేబుల్ తెచ్చి, ఒక కొస పాతదానికీ ఒక కొస కొత్తదానికీ గుచ్చింది. పక్కపక్క ఇళ్ళకి నెంబర్లు వేసినట్టు రెండింటికీ చెరొక నెంబరు ఇచ్చింది. పాతదాంట్లో డిజైన్ల ఫోల్డర్‌ని షేర్‌లో పెట్టింది. కాసేపు ఒకదానికొకటి కనబడక సతాయించాయి, తరవాత దారికొచ్చాయి. కాపీ మొదలై, ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతుంటే తృప్తిగా చూసి, తండ్రిని ఆటోలో ఎక్కించుకుని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళింది.

అది శుక్రవారం. అజాన్ అయింది. ఖాజాబీ లేచి వెళ్ళి మెయిను కట్టేసింది.

ఇష్రత్ తిరిగొచ్చి కొత్త కంప్యూటర్ వేసి చూస్తే తెర నిండా ఫోల్డర్లు. పైన ఉన్నవి నాలుగు తెరిచి చూసింది, బాగానే ఉన్నాయి. పని అయిపోయిందనుకుంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి అజాన్‌కి మెయిను కట్టేస్తారని గుర్తు రాలేదా అంటే, రాలేదు మరి. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది? పాత డబ్బాని కంప్యూటర్లు అమ్మే వినయ్ కుమార్‌కి ఎక్స్‌ఛేంజ్ కింద ఇచ్చేసింది.

ఉర్సు దగ్గరపడ్డాక, చాదర్ పని మొదలుపెడదామని దానిమ్మ తీగ కోసం వెతికింది. ఇంగ్లీషు అక్షరాల వరసలో కాపీ అవుతూ వచ్చిన ఫోల్డర్లు మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి. ఉర్సు అని పేరు పెట్టిన ఫోల్డర్ వరసలో చివరివైపు ఉండాలి. లేదు. కింద నుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. ఎక్కడ తెగిందో ఆలోచిస్తూ ఉండగా మసీదులో అజాన్ మొదలైంది. ఖాజాబీ లేచింది. కళ్ళ ముందే తెర నల్లబడింది.

ఇష్రత్ తల్లి వైపు తిరిగి, ఆ శుక్రవారం కూడా కట్టేశావా అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది గానీ, ఖాజాబీకి కూతురి కోపం తెలుసు.

"నీకు ఊహ తెలియక ముందునుంచీ కట్టేస్తున్నాను. ఆ ఒక్కరోజు నీకు కొత్తగా చెప్పాలా?" అంది.

చెప్పాల్సిందేమీ లేదు. ఇష్రత్‌కి కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి మీద పెట్టుకుందామంటే ఆవిడ రోజూ చేసేదే చేసింది. ఆఖరికి తన మీదే పెట్టుకుంది. ఏం పోయిందో ఖాజాబీకి అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ముందుగదిలో మంచం మీద షుకూర్‌కి అంతా వినపడుతూనే ఉంది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇష్రత్ చూసింది. ఏడుపు వచ్చినా మింగేసింది.

వెళ్ళి ఆయన మంచం పట్టెమీద కూర్చుని, "తెస్తాను నాన్నా" అంది. ఎక్కడినుంచి తెస్తుందో అప్పటికి ఆమెకీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే వినయ్ కుమార్ షాపు తెరిచేసరికి మెట్టు మీద ఇష్రత్ ఉంది. అతను మంచివాడే. ఆ డబ్బా ఎప్పుడో బాపట్లలో పాత కంప్యూటర్లు కొనే చెంచురామయ్యకి వేసేశానని, అంతకుముందే ఫార్మాట్ కొట్టేశానని చెప్పి, పోయినవాటి గురించి మరిచిపొమ్మని సలహా ఇచ్చాడు. ఇష్రత్ మరిచిపోవడానికి రాలేదు. సి డ్రైవా, డి డ్రైవ్ కూడానా అని అడిగింది. అతను బుర్ర గోక్కున్నాడు. సి ఒక్కటే కొట్టి విండోస్ కొత్తగా వేస్తామని, డి జోలికి వెళ్ళే తీరిక ఎవరికుంటుందని అన్నాడు. ఇష్రత్ డిజైన్లన్నీ డి లోనే ఉండేవి. ఆమె మొహం చూసి అతనే తన సొంత ల్యాప్‌టాప్ తీసి చేతికిచ్చాడు.

"డబ్బా దొరికినా వాళ్ళు మీకిచ్చేయరక్కా. ఇది పట్టుకెళ్ళండి, కేబుల్ వేసి అక్కడికక్కడే లాగేసుకోండి" అన్నాడు.

ఇష్రత్ ఆ ల్యాప్‌టాపునీ, చుట్ట చుట్టిన కేబులునీ సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కింది. చెంచురామయ్య షాపు షాపులా లేదు, కంప్యూటర్లకి శ్మశానంలా ఉంది. నల్ల డబ్బాలు నేలనుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆయన ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో స్క్రూడ్రైవర్. తెనాలినుంచి వచ్చిన డబ్బా ఏదో గుర్తుందా బాబాయ్ గారూ అని అడిగితే, ఆయన చేత్తో ఆ గుట్టంతా చూపించి, అన్నీ తెనాలివేనమ్మాయ్, అన్నీ నల్లవే అన్నాడు. కొన్నిటికి అప్పటికే లోపలి సామాను ఊడబీకేసి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ముందు వైపు ఆకుపచ్చ రాళ్ళు అంటించి ఉంటాయండి అంది.

చెంచురామయ్య కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. రాళ్ళ డబ్బా ఎందుకు గుర్తుండదన్నాడు. వాటిని పీకేద్దామని స్క్రూడ్రైవర్ పెట్టి శతవిధాల చూశాననీ, ఏం బంక వేశారో గానీ ఊడలేదనీ ఫిర్యాదు చేశాడు. ఈలోగా రేపల్లెలో జిరాక్స్ షాపు నడిపే మాణిక్యాంబ గారు వచ్చి, ఇన్ని డబ్బాల్లో ఆ రాళ్ళు చూసి ముచ్చటపడి అదే కావాలని పట్టుకెళ్ళారట. తండ్రి ఎందుకు అంటించాడో గానీ అవి ఆ డబ్బాకి ఆయుష్షు పోశాయని ఇష్రత్‌కి అనిపించింది. అక్కడే నిలబడి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, రేపల్లె బస్సెక్కింది.

బస్సు పిట్టలవానిపాలెం మీదుగా వరిచేల మధ్య ఒళ్ళు విరుచుకుంటూ వెళ్ళింది. రేపల్లెలో దిగి అడిగితే మాణిక్యాంబ షాపు చిన్నపిల్లలు కూడా చూపించారు. బల్ల మీద ఆకుపచ్చ రాళ్ళు తళుక్కుమంటూ కనిపించగానే ఇష్రత్‌కి పుట్టింటి మనిషిని పరాయి ఊళ్ళో చూసినట్టయింది.

మాణిక్యాంబకి మాత్రం అలాంటిదేమీ అనిపించలేదు. ఎవరో మనిషి వచ్చి మీ కంప్యూటర్‌కి వైరు గుచ్చుకుంటానంటే ఎవరు ఒప్పుకుంటారు? ఊళ్ళో జనం ఆధార్ కార్డులన్నీ అందులోనే ఉన్నాయని, ఏదైనా తేడా వస్తే తన మెడకి చుట్టుకుంటుందని చెప్పి, కుదరదంది. ఇష్రత్ సరేనండి అని బయట బల్ల మీద కూర్చుంది. వెళ్ళలేదు. జనం వచ్చారు, జిరాక్సులు తీయించుకున్నారు, వెళ్ళారు. ఇష్రత్ కూర్చునే ఉంది. కాగితం ఇరుక్కుపోయి మాణిక్యాంబ తంటాలు పడుతుంటే లోపలికొచ్చి పట్టుకుంది, మళ్ళీ వెళ్ళి బల్ల మీద కూర్చుంది. చివరికి మాణిక్యాంబే విసిగి, అసలు అందులో ఏముందమ్మాయ్ అంత అని అడిగింది.

ఇష్రత్ చెప్పింది. మగ్గం గురించి, కాలవలో కలిపిన కాగితం గురించి, గోడవైపు తిరిగిన మొహం గురించి. ఏదీ దాచుకోలేదు.

మాణిక్యాంబ మౌస్ పట్టుకుని డి డ్రైవ్ తెరిచింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి.

"ఇవేనా? కంప్యూటర్‌తో పాటే వచ్చిన బొమ్మలేమో అనుకున్నానమ్మా. ఒక్కటీ ముట్టుకోలేదు" అంది.

డబ్బా ఇచ్చేయమని ఇష్రత్ అడగలేదు. ఆవిడ షాపు దాని మీదే నడుస్తోంది. ఆధార్ కార్డుల ఫోల్డర్ జోలికి వెళ్ళనని ఆవిడ ఎదురుగా చూపిస్తూ, తన ఫోల్డర్ ఒక్కటే షేర్‌లో పెట్టింది. కేబుల్ గుచ్చింది. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. కంగారులో రెండింటికీ ఒకే నెంబరు ఇచ్చినట్టు కాసేపటికి తెలిసింది. ఒకే నెంబరున్న రెండిళ్ళకి ఉత్తరమెలా వస్తుంది? మార్చింది. పాస్‌వర్డ్ అడుగుతుంటే అడగొద్దని చెప్పింది. పాతది ల్యాప్‌టాప్‌లో కనిపించింది. కాపీ మొదలై ఆకుపచ్చ గీత కదిలింది. చిన్న చిన్న ఫైళ్ళు కావడంతో నత్తలా నడుస్తోంది. ఇష్రత్ కళ్ళార్పకుండా దాన్నే చూస్తోంది.

ఇంతలో మాణిక్యాంబ కుర్చీ జరుపుకుని లేచింది. భోజనాల వేళయిందని, ఇంటికెళ్ళి తినొస్తానని, నువ్వూ ఏదైనా తినిరా అమ్మా అని అంటూ తలుపు పక్కకి చెయ్యి చాచింది. అక్కడ మెయిను ఉంది. భోజనానికి వెళుతూ మెయిను కట్టేయడం ఆవిడ పద్ధతి.

ఇష్రత్ ఎలా లేచిందో ఆమెకే తెలియదు. బల్ల తగిలి మోకాలు కొట్టుకుంది. వెళ్ళి మెయినుకి వీపు ఆనించి నిలబడింది. మాణిక్యాంబ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఒకసారి మా అమ్మ కట్టేసింది. ఇంకోసారి తెగితే నా వల్ల కాదండి" అంది ఇష్రత్.

మాణిక్యాంబ ఆమెని ఎగాదిగా చూసింది. కాసేపటికి ఆవిడ పెదాల మీద నవ్వు కదిలింది. మెయిను కట్టేసే ఆడమనిషి లోకంలో తను ఒక్కతే కాదన్నమాట అంది. ఇంటికి ఫోన్ చేసి క్యారేజీ షాపుకే తెప్పించింది. తోటకూర పప్పు, వంకాయ కూర. ఇష్రత్ కూర్చోలేదు. మెయిను దగ్గరే నిలబడి, ఆవిడ కలిపి పెట్టిన ముద్దలు తింది. గీత చివరకి వచ్చి, తెర మీది కాపీ కిటికీ మూసుకున్నాక కూడా నమ్మలేదు. రెండువైపులా ఫైళ్ళ లెక్క సరిచూసింది. కిందనుంచి పైకి ఒక్కొక్కటీ తెరిచింది. ఉర్సు ఫోల్డర్‌లో దానిమ్మ తీగ ఉంది. కుడివైపు కాయలు, ఆకులు, విచ్చిన పువ్వు. ఎడమవైపు ఖాళీ. తండ్రి చేతిరాత చూసినట్టు దాన్ని చూస్తూ ఈసారి ఏడ్చేసింది. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంటూ, ఆ రాళ్ళు మాత్రం నేనివ్వనమ్మాయ్ అంది.

సాయంత్రం రేపల్లె ప్యాసింజరులో తెనాలి చేరి, ఇంట్లోకి అడుగుపెడుతూనే షుకూర్‌ని దిండ్లు పెట్టి తెర ముందు కూర్చోబెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. ఎడమచేత్తో తెర మీద పువ్వుని తడిమాడు. ఖాజాబీ గుమ్మం దగ్గరే నిలబడింది, దగ్గరకి రావడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఇష్రత్ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది.

ఉర్సు ముంచుకొస్తోంది. గుడ్డ ఎప్పుడో చట్రానికి బిగించి ఉంది. నాగూర్ బాషా అన్నదాంట్లో అన్యాయం లేదు. కుడివైపు ఉంది కదా, ఆ బటన్ నొక్కితే ఎడమవైపు కూడా మామగారిదే అవుతుంది, ఎవరికీ తెలియదు అన్నాడు. ఇష్రత్ కూడా ఒకసారి దాని దాకా మౌస్ తీసుకెళ్ళింది. తండ్రి చూస్తున్నాడు, ఏమీ అనలేదు. అనలేడు కూడా. ఆమె మౌస్ వెనక్కి తీసుకుంది. కాగితం తీసి, పెన్సిలు పట్టుకుని, ఎడమవైపు తనే గీయడం మొదలుపెట్టింది.

మొదటి ఆకు గీసి చూపించింది. షుకూర్ ఎడమచేత్తో బల్ల మీద టకటకమని కొట్టాడు. చచ్చిపోయి ఉందని అర్థం. చెరిపేసింది. మళ్ళీ గీసింది. మళ్ళీ కొట్టాడు. ఎన్ని ఆకులు చచ్చాయో చెప్పలేం గానీ, ఇష్రత్ మాత్రం పెన్సిలు కింద పెట్టలేదు. ఒక ఆకు దగ్గర ఆయన బల్ల కొట్టలేదు. ఆ తరవాత తీగ మెల్లగా సాగింది. పొద్దున గీసినవి మధ్యాహ్నం ఎక్కించడం, పొద్దుగూకేలోపు కాగితం కాలవలో కలిపి రావడం. అలా ఉర్సుకి కాస్త ముందు, ఆఖరి కాయ దాకా వచ్చింది.

ఆ కాయకి కుట్లు ఎక్కిస్తూ ఉండగా అజాన్ మొదలైంది. ఖాజాబీ అలవాటు చొప్పున లేచింది. చెయ్యి మెయిను దాకా వెళ్ళింది. అప్పుడు దిండ్లకి ఆనుకుని ఉన్న షుకూర్ ఎడమచెయ్యి పైకి లేచింది. అరచెయ్యి భార్యవైపు చాచి, ఆగు అన్నట్టు పట్టుకున్నాడు. ఆ పద్ధతి పెట్టినాక ఆయన దాన్ని ఆపడం అదే మొదలు. బలం కూడగట్టుకుని, ఖాజాబీకి తప్ప ఇంకెవరికీ అర్థంకాని మాట ఏదో అన్నాడు.

"దాచుకోనివ్వు అంటున్నారమ్మా" అంది ఖాజాబీ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

ఇష్రత్ సేవ్ కొట్టింది. ఎక్కిందో లేదో మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. కుడివైపు తండ్రిది, ఎడమవైపు తనది, ఒక్కలా లేవు. అప్పుడు లేచి వెళ్ళి, తల్లి పక్కన నిలబడి, తన చేత్తోనే మెయిను కట్టేసింది.